పళయనూరు పొలిమేర: తిరుత్తణి సీమలో భూమియు, మాన్యమును, అతిథియు

మదరాసునుండి అరక్కోణమునకు పోవు ఇనుపదారిమీద, తిరువళ్ళూరు దాటిన పిమ్మట, తిరువాలంగాడను చిన్న స్టేషను కలదు. అచ్చట దిగి పొలముల నడుమ కొంతదవ్వు సాగినవారికి, పంచసభలలో రత్నసభగా శైవులు కొనియాడు వటారణ్యేశ్వరుని ఆలయమును, దానికి చేరువనే పళయనూరను పల్లెయు కానవచ్చును. తిరుత్తణి తాలూకాలోని తక్కిన ఊళ్ళవలె అదియు వానను, చెరువును నమ్ముకొని బ్రదుకు ఊరు. త్వరగా పోవు ప్రయాణికుని దృష్టి నాకర్షింపగల విశేషమేదియు పైకి కనబడదు. అయినను, భూమి ఎవరిది, ఊరు ఎవరిది, ఊరికి వచ్చినవాడు ఎవరివాడు అను మూడు ప్రశ్నలకు ఈ సీమ వేయియేండ్లుగా ఇచ్చుచు వచ్చిన సమాధానములను వెదకదలచినవానికి ఇంతకంటె తగిన తావు లేదని నా నమ్మకము. ఏలయన, ఆ ఊరికి రెండు సాక్ష్యములున్నవి. ఒకటి రాగిరేకులపై చెక్కినది, భూమిని గూర్చినది. రెండవది జనుల నాలుకలపై నిలిచినది, అతిథిని గూర్చినది.

రాగిరేకులు 1905లో బయల్పడినవి. మొత్తము 31 రేకులు. రాజేంద్రచోళుని ఆరవ పాలనావర్షమున, అనగా క్రీ.శ. 1018 ప్రాంతమున, పళయనూరు తిరువాలంగాటి దేవునికి దేవదానముగా ఒసగబడిన విధమంతయు వానిలో వర్ణింపబడినది. హెచ్. కృష్ణశాస్త్రిగారు దక్షిణభారత శాసనముల మూడవ సంపుటమున వానిని ప్రకటించిన నాటినుండి పండితులు ముఖ్యముగా అందలి సంస్కృతభాగమునే పరామర్శించుచు వచ్చిరి. నారాయణుడను కవి రచించిన ఆ భాగమున చోళుల వంశావళియు, దిగ్విజయములును, సముద్రముపై సేనల నంపి రాజేంద్రుడు కటాహమును గెలిచిన వార్తయు ఉండుటచే వారి ఆసక్తి సహజమే. కాని పల్లెల చరిత్రను కోరువానికి నిధివంటిది తమిళభాగము. రాజు నోట వెలువడిన ఆజ్ఞను లేఖకుడు వ్రాసికొనుట, అధికారులు దానిని సరిచూచి సమ్మతించుట, ఆజ్ఞాపత్రము తమ నాడను మండలమునకు చేరగా అచ్చటి పెద్దలు ఎదురేగి శిరసున దాల్చుట, పిదప ఆడయేనుగును పొలిమేర వెంబడి నడిపించి, అది నడచిన జాడలో రాళ్ళు పాతి, జెముడుజాతి కళ్ళిమొక్కలు నాటి, ఎల్లలు నిర్ణయించుట మొదలగు ప్రతి క్రియయు అందు నమోదైనది. ఒక పల్లె దేవుని సొత్తగుటకు ఇంత తంతు అవసరమయ్యెనన్నచో, ఆ కాలమున భూమిహక్కు రాజు ఇష్టానుసారము గాలిలో మార్చగలిగినది కాదనియు, పొరుగూళ్ళవారి కన్నులయెదుట, వారి సాక్ష్యముతో మాత్రమే అది స్థిరపడెడిదనియు మనము గ్రహింపవలసియున్నది.

ఇంతకును రాజు ఇచ్చినదేమి? మట్టిని కాదు, మట్టినుండి తనకు రావలసిన భాగమును. దున్నువాడు దున్నుచునే యుండెను. కంచరి, కుమ్మరి, చాకలి తమ తమ పనులలోనే యుండిరి. మొన్నటివరకు రాజుగారి కొఠారునకు పోయిన ధాన్యము నేటినుండి దేవుని కొఠారునకు పోవును, అంతే. ఆ పైన, అట్టి చోళశాసనములు గ్రహీతకు ఇచ్చు స్వేచ్ఛలలో ఎన్నో చక్కని వివరములు కానవచ్చును: కాల్చిన ఇటుకలతో మేడలు కట్టుకొనవచ్చును, బావులు త్రవ్వుకొనవచ్చును, దవనమును మరువమును నాటుకొనవచ్చును; కాలువనీటిని మాత్రము మర్యాద ననుసరించియే పారించుకొనవలెను, ఇతరులు దానికి అడ్డముగా ఏతములెత్తరాదు, గూడలు వేయరాదు. నీటిని గూర్చిన ఈ జాగ్రత్త నన్ను ఎల్లప్పుడును ఆకర్షించినది. కొసస్థలి నదియు దాని ఉపనదులును ఏడాదిలో అధికభాగము ఇసుకగా కనబడు ఈ సీమలో, చెరువు తూము ఎవరి చేతిలో నుండునో వారిదే నిజమైన పెత్తనమని శాసనము వ్రాసినవారెరుగుదురు.

ఈ రేకులలో పేర్కొనబడిన కటాహము నేటి మలయాదేశపు కెడా. అది సుమత్రాద్వీపము కేంద్రముగా వెలసిన శ్రీవిజయ రాజ్యమున చేరియుండెను. ఆ రాజ్యమునకును చోళమండలపు పల్లెలకును నడిచిన సంబంధము యుద్ధములోనే మొదలు కాలేదు. రాజేంద్రుని తండ్రియగు రాజరాజు కాలముననే శ్రీవిజయప్రభువు నాగపట్టణమున చూడామణివిహారమను బౌద్ధవిహారమును కట్టింపగా, దాని పోషణకు ఆనైమంగలమను పల్లె దానముగ ఈయబడెను. ఆ శాసనము తరువాతి కాలమున హాలండునకు చేరి లైడెన్ శాసనమని పేరుపొందినది. ద్వీపాంతరపు రాజు కట్టిన గుడిలో దీపము వెలుగుటకు మన పల్లెరైతు కొలిచిన ధాన్యము ఉపయోగపడినదన్నమాట. యవద్వీపమునందును అదే కాలమున ఇట్టి ఆచారమే ఉండెడిది. అచ్చటి రాజులు ఒక్కొక్క పల్లెను 'సీమ'గా ప్రకటించి, దాని పన్నులను ఆలయమునకు వదలి, రాజోద్యోగులు ఆ హద్దులలో అడుగుపెట్టరాదని శాసించి, రాతిని పాతి, ప్రాచీన యవభాషలో రాగిరేకులు వ్రాయించిరి. నేటికిని జావాపల్లెలలో గ్రామాధికారికి 'బెంగ్‌కోక్' అను పొలమును అనుభవింపనిచ్చు ఆచారము మిగిలియున్నది. మన కరణము మాన్యమునకు అది తోబుట్టువు. బాలీద్వీపమున నీటిపంపకమును రైతుల 'సుబక్' సంఘములే ఆలయముల ఆశ్రయమున నిర్వహించుచున్నవి. చేనికి నీరు కావలసిన రైతు ఏ సముద్రమున కావల నున్నను ఒక్క తీరుగనే ఆలోచించుననుటకు ఇంతకంటె దృష్టాంతము అక్కరలేదు.

ఇక పళయనూరి రెండవ సాక్ష్యము. కంచినుండి బయలుదేరిన ఒక వర్తకుడు దారిలో ఈ ఊరు చేరెను. అతడు పూర్వజన్మమున భార్యను చంపినవాడు. ఆమె నీలియను పిశాచియై పగబట్టి, కళ్ళికొమ్మను బిడ్డగా మార్చి చంక నెత్తుకొని, నాతో కాపురము చేయడాయెనని విలపించుచు ఊరి పెద్దల యెదుట నిలిచెను. ఇది మనిషి కాదు, నన్ను చంపనున్నదని వర్తకుడు మొరపెట్టుకొనెను. డెబ్బదిమంది వెల్లాళులు కూడి, ఆమె దుఃఖమునే నమ్మి, అతని చేతి కత్తిని తీసికొని, నీ ప్రాణమునకు మా ప్రాణములు పూచీయని మాట యిచ్చి, ఆ రాత్రి వారిద్దరిని ఒక గదిలో నుంచిరి. తెల్లవారునప్పటికి వర్తకుడు చచ్చిపడియుండెను, స్త్రీ లేదు. అప్పుడు ఆ డెబ్బదిమందియు తాము పలికిన మాటకు కట్టుబడి అగ్నిప్రవేశము చేసిరి. తమిళదేశమున ఈ కథ తెలియని శైవకుటుంబము అరుదు. పళయనూరి శివాలయముచెంత వారి స్మారకము నేటికిని చూపుదురు.

ఈ కథను పిశాచకథగా కొట్టివేయువారితో నేను ఏకీభవింపజాలను. పల్లె తన్ను గూర్చి తాను చెప్పుకొనదలచిన మాట ఇందున్నది. ఆ వర్తకుడు వారికి బంధువు కాడు, కులస్థుడు కాడు, ఆ ఊరివాడును కాడు. ఒక్క రాత్రి ఆశ్రయము వేడినవాడు మాత్రమే. ఊరు అతనికి పూచీ పడినది, ఊరు తీర్పున తప్పినది, ఊరు మూల్యము చెల్లించినది. పొలిమేరను చూపుటకు నాటు కళ్ళిమొక్కయే ఈ కథలో మోసపు బిడ్డయైనది. పొలిమేర దాటి లోపలికి వచ్చునది మంచిదో చెడ్డదో ఎట్లు తెలియునను పల్లెల సనాతనభీతి అందు దాగియున్నదని ఊహించుట తప్పు కాదు. ఆ భీతి నట్లుంచుకొనియు, అతిథికి మాట యిచ్చుటయే పెద్దరికమని ఈ సీమ తలచినది.

అయితే ఆతిథ్యము కేవలము సద్గుణముమీద ఆధారపడి నడచినది కాదు. దానికి పొలములో పాలుండెను. ఇందుకు ఋజువు తిరువళ్ళూరు వైపున దొరకుచున్నది. 1763లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ చెంగల్పట్టు ప్రాంతమును కుంఫిణీవారికి జాగీరుగా నొసగగా, తామస్ బార్నార్డు అను దొర 1767 మొదలు 1774 వరకు అందలి దాదాపు 2,000 గ్రామములను సర్వే చేసి, కరణముల తాటాకు లెక్కలను సేకరించెను. తిరువళ్ళూరును, దాని పొరుగుననున్న తిరుప్పాచూరును ఆ జాగీరులోనివే. ఆ లెక్కల ప్రకారము, పండిన ధాన్యము కళ్ళమునకు చేరగానే సర్కారును రైతును పంచుకొనుటకు పూర్వమే, గుడికి, కరణమునకు, కావలివానికి, వడ్రంగికి, కమ్మరికి, మంగలికి, చాకలికి, తూము తెరచి మూయు నీరుకట్టువానికి మేరలు తీయబడెడివి. వానితోపాటు మఠములకును, మసీదులకును, బాటసారులకు అన్నము పెట్టు సత్రములకును పాలు చెల్లెడిది. బాటసారి ఎవడో, ఏనాడు వచ్చునో తెలియకయే కళ్ళములో అతని గింజలు వేరుపరచబడెడివి. ఆ పద్ధతిలో ఆతిథ్యము దాత దయకు వదలబడలేదు. ధాన్యరాశిమీద చెల్లవలసిన బాకీగా నుండెను.

దొరలకు ఈ పంపకము మొదట బోధపడలేదు. ఒక పొలమునకు ఒక యజమాని, అతడు కట్టవలసిన ఒక శిస్తు అను లెక్కకు అలవాటుపడిన వారికి, ఊరంతయు వాటాలుగా విభజింపబడి, ఆ వాటాలు వంశపారంపర్యముగ మిరాసీదారులను కొన్ని కుటుంబములయందుండుటయు, వారు పొలము నమ్ముకొనగలిగియు ఊరి సమ్మతికి లోబడియుండుటయు చిక్కుముడిగ తోచెను. 1794 మొదలు 1798 వరకు కలెక్టరుగా నుండిన లయొనెల్ ప్లేసు మిరాసీదారులతో పెనగులాడి, 1799లో దీర్ఘమైన నివేదికను వ్రాసెను. ఎఫ్.డబ్ల్యు. ఎల్లిసు మిరాసీహక్కును గూర్చి సర్కారు ప్రశ్నలకు సమాధానములు (1818లో అచ్చయినవి) వ్రాసినప్పుడు, ఆయన శిరస్తదారు శంకరయ్యయు తన సమాధానములను వేరుగా సమర్పించెను. ఈ ఎల్లిసే 1816లో కాంబెలు రచించిన తెలుగు వ్యాకరణమునకు ఉపోద్ఘాతము వ్రాసి, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడాదులతో కూడి వేరొక కుటుంబమునకు చెందినదనియు నిరూపించెను. భూమిహక్కుల మూలమును, భాషల మూలమును ఒక్క మనిషి ఒక్క కాలమున శోధించుట యాదృచ్ఛికము కాదు. రెంటికిని ఆధారము పల్లెలోనే యున్నదని ఆయన కనుగొనెను.

మిరాసీవ్యవస్థను మెచ్చుకొనునప్పుడు దాని చీకటి భాగమును మరువరాదు. పొలమున నడుము వంచిన పంచముల గుడిసె నిలిచిన నేలయైనను వారిది కాకుండెను. ఎదురాడిన మరునాడు మిరాసీదారు వారిని ఆ నేలనుండి వెడలగొట్టగలిగెడివాడు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీరు 1891లో వారి దుఃస్థితిని విపులముగ వర్ణించి నివేదిక పంపగా, 1892లో ప్రభుత్వము వారికి భూములిచ్చుటకు ఉత్తరువు చేసెను. అన్యాక్రాంతము కారాదను షరతుతో ఈయబడిన ఆ భూములే నేడు పంచమభూములని పిలువబడుచున్నవి. వానిలో ఎంతో భాగము అన్యుల చేతులలోనికి పోయినదని జరుగుచున్న ఆందోళన ఇంకను ఆరలేదు. ఇక ఇరుళుల సంగతి మరియు దుర్భరము. పాములను పట్టి, వేళ్ళు త్రవ్వి, చెరువుకట్టల క్రిందను పొరంబోకులోను తలదాచుకొనిన ఈ జనము, బియ్యపు మిల్లులలోను, ఇటుకబట్టీలలోను అప్పులకు కట్టుబడి వెట్టి చేసిరి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలనచట్టము వచ్చిన పిమ్మటను ఈ జిల్లాలో వారిని విడిపింపవలసి వచ్చుచునే యున్నది. ఇంటి ముంగిట తిన్నెమీద బాటసారి కూర్చుండి మంచినీళ్ళు త్రాగి నిద్రించుట ఈ సీమ ఘనతగా చెప్పుకొందుము. పంచముల వాడయగు చేరినుండి వచ్చినవాడు ఆ తిన్నె నెక్కగూడదనుటయు ఈ సీమ ఆచారమే. రెండును కలిపి వ్రాసిననే చరిత్ర.

తిరువళ్ళూరునుండి పడమరగా తిరుత్తణివైపు నడచిన కొలది భూమి వేరొక లెక్కలోనికి పోవును. అది కార్వేటినగరము జమీను. బొమ్మరాజులని ప్రసిద్ధులైన ఈ పాళెగాండ్రు నవాబులకు పేష్కషు చెల్లించి, 1801లో నవాబుల కర్ణాటకము కుంఫిణీ వశమైన పిమ్మట శాశ్వతపు సన్నదు పొంది, జమీందారులైరి. అచ్చట మిరాసీసభ లేదు; రాజాగారి ఠాణాలు, అమీనులు, కరణములు కలరు. కచ్చేరీ తెలుగున నడిచెను, సంగీతము తెలుగున పాడబడెను. సారంగపాణి పదములును, గోవిందసామయ్య, కూవనసామయ్య సోదరుల వర్ణములును ఆ ఆస్థానపు సొత్తులు. జమీను చిన్నయుద్యోగులలో సర్వేపల్లి వీరాస్వామిగారొకరు. నెల్లూరు సీమలోని సర్వేపల్లినుండి వలసవచ్చిన ఆ కుటుంబమున 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో జన్మించిన బాలుడే రాధాకృష్ణపండితుడు. రెవెన్యూలెక్కలు వ్రాసికొను ఇంటినుండి భారతరాష్ట్రపతి వెలువడెనని మనము గర్వించుట న్యాయమే.

జమీనుపల్లెలో రైతు మిరాసీదారువలె వాటాదారు కాడు. పంటలో మేల్వారమను భాగము జమీందారుది, కుడివారమను భాగము తనది. పట్టా నియ్యుమని అడుగుట, చెరువు మరమ్మతు చేయింపుమని ప్రాధేయపడుట, పంట పోయిననాడు వజా, అనగా శిస్తు తగ్గింపు, కొరకు కచ్చేరీ వాకిట పడిగాపులు పడుట వాని బ్రదుకు. 1908 నాటి మదరాసు ఎస్టేటుభూముల చట్టము రైతునకు సాగుహక్కును స్థిరపరచినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతను ఏర్పడిన విచారణసంఘము, భూమికి యజమాని రైతే గాని జమీందారు కాడని నొక్కి వక్కాణించినది. 1948 చట్టముతో ఎస్టేటులు రద్దయి రైతువారీ వచ్చినది. వేయియేండ్లకు పూర్వము ఏనుగు నడచి నిర్ణయించిన ఎల్లలను సర్వేగొలుసులు మరల కొలిచినవి.

ఈ లోపల ఊరికి వచ్చిపోవువారి త్రోవయు మారుచుండెను. తిరుత్తణి కొండమీది సుబ్రహ్మణ్యునకు అపరాజిత పల్లవుడును, చోళ పరాంతకుడును భూదానములు చేసిన రాగిశాసనములు 1977లో దగ్గరనున్న వేలంజేరిలో దొరకినవి. కావున తొమ్మిదవ శతాబ్దినాటికే ఆ కొండ యాత్రాస్థలమైయుండెననుట నిశ్చయము. ముత్తుస్వామి దీక్షితులు ఇచ్చటనే స్వామి అనుగ్రహమున నోట కలకండ పొంది, తొలి కీర్తనను మాయామాళవగౌళలో పాడెనని సంగీతలోకము విశ్వసించును. ఆడికృత్తికనాడు పూలకావళ్ళు భుజములనెత్తుకొని, హరోహరయని కేకలు వేయుచు, నగరి, పుత్తూరు, చిత్తూరు వైపులనుండి తెలుగువారును, ఆర్కాటు, చెంగల్పట్టు వైపులనుండి తమిళులును కాలినడకను వచ్చుచుండిరి. దారిలోని ప్రతి ఊరును ఆ నాలుగు దినములు సత్రమే. అంబలికుండలు, మజ్జిగకుండలు వీధిలో పెట్టి, కావడివానిని పేరడుగక, ఊరడుగక పిలిచి పోయుట తిరుత్తణిచుట్టు పల్లెలలో ఇంటింటి మొక్కు. తిరువళ్ళూరున వైద్యవీరరాఘవుని హృత్తాపనాశని పుష్కరిణియందు అమావాస్యనాడు బెల్లము వేసి రోగము కరగిపోవలెనని ప్రార్థించువారికిని ఇట్టి ఆదరణయే కలిగెడిది.

1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజారోడ్డువరకు దక్షిణదేశపు మొదటి రైలు నడిచినప్పుడు, తిరువళ్ళూరు ఆ దారిలో స్టేషనయ్యెను. పిదప అరక్కోణమునుండి ఉత్తరముగా రేణిగుంటకు సాగిన దారి తిరుత్తణిని కలుపుకొనెను. యాత్రికులు పెరిగిరి, నడుమ పల్లెలలో ఆగువారు తగ్గిరి. వారి రాకకు కాచుకొనియున్న తిన్నెలు క్రమముగ ఇంటివారికే మిగిలినవి. 1917లో వళ్ళిమలై సచ్చిదానందస్వాములు, ఆంగ్లసంవత్సరాదినాడు దొరలకు సలాములు చేయుటకంటె స్వామిని సేవించుట మేలని తలచి, తిరుత్తణి కొండమెట్లు 365 నెక్కుచు పూజసేయు పడిపండుగను ప్రారంభించిరి. నేడు పట్టణవాసులు వేలకొలదిగ వచ్చునది ఆ రాత్రికే.

ఇంతవరకు పల్లెకు తెలిసిన మార్పులు పొలములోను, త్రోవలోను. ఇరువదవ శతాబ్ది పల్లెను కదలింపకయే దాని చిరునామాను మార్చివేసినది. తిరుత్తణి సీమలో 1900లో జన్మించి ఎన్నడును ఊరు విడువని వృద్ధుడొకని నూహింపుడు: పుట్టుట ఉత్తరార్కాటు జిల్లాలో, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా ఆ జిల్లావాడయ్యెను, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రవాసి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశవాసి, 1960 ఏప్రిలు 1న మదరాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లావాడు. అతని మనుమలు 1969లో తమిళనాటివారును, 1997 జనవరి 1న తిరువళ్ళూరు జిల్లావారును అయిరి. మంగలంకిళార్, మా.పొ. శివజ్ఞానం ప్రభృతుల ఉత్తరసరిహద్దు పోరాటమును, దానికి ప్రతిగా ఆంధ్రులు చూపిన వాదములును, 1957 నాటి పటాస్కరు తీర్పును, 1959 నాటి సరిహద్దుమార్పు చట్టమును ఇచ్చట విస్తరింప నవసరము లేదు. 300కు మించిన గ్రామములు మదరాసునకు పోయినవి. బదులుగా చెంగల్పట్టు జిల్లానుండి వచ్చిన పల్లెలతో సత్యవేడు తాలూకా ఏర్పడి ఆంధ్రదేశమున చేరినది. తీర్పు న్యాయమా యను చర్చకంటె, ఆ తీర్పు తరువాత ఇండ్లలో జరిగినదేమో నాకు ముఖ్యము. రెండు భాషలను ఒకే వాకిట మాటాడు పల్లెలను ఏ గీతయు చక్కగా విభజింపజాలదు. పిల్లనిచ్చినవారొక రాష్ట్రమున, తెచ్చుకొన్నవారొక రాష్ట్రమున మిగిలిరి. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పము, పళ్ళిపట్టు నేతగాండ్ర మగ్గములకు మాత్రము ఈ గీత అడ్డు కాలేదు; నగరి, పుత్తూరు నేతవారితో వారి నూలుబేరము ఎప్పటివలెనే సాగినది.

ఆ 1960లోనే, సెప్టెంబరు నెలలో, పైన చెప్పిన యవ, బాలీద్వీపములు చేరియున్న ఇందొనీషియావారు తమ మూలభూచట్టమును చేసికొని, పూర్ణస్వామ్యము స్వదేశపౌరునకే గాని పరదేశికి చెల్లదని నిర్ణయించిరి. వారి పల్లెలలో రాత్రి బసచేయు క్రొత్తవాడు ఇరువదినాలుగు గంటలలోపల పొరుగుపెద్దకు తన రాకను తెలుపవలెనను కట్టుబాటు నేటికిని కలదు. మన పల్లెలలో తలారి అదే పని చేసెడివాడు. క్రొత్తమొగము కనబడిననాడు మునసబునకు చెప్పుట వాని విధి. తమిళనాట 1980లో ఆ వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దయినవి. కరణముల పెత్తనము పోవుట మేలే. కాని ఏ చేను ఎప్పుడు ఎవరిదైనదో నోటిమీద చెప్పగల జ్ఞాపకమును వారితోనే పోయినది.

నీటి చరిత్రయు ఇంతే మలుపులు తిరిగినది. మదరాసు దాహము తీర్చుటకై, నగరాధ్యక్షులు సత్యమూర్తిగారి పూనికతో, కొసస్థలికి అడ్డముగా పూండిజలాశయము నిర్మింపబడి 1944లో పూర్తియైనది. తిరువెణ్పాక్కమను ప్రాచీనస్థలము మునిగినందున, సుందరమూర్తినాయనారునకు ఊతకఱ్ఱ నొసగెనని ప్రసిద్ధిగన్న శివుని ఒడ్డునకు తరలించి క్రొత్తగుడి కట్టిరి. దేవుని తరలింపగలిగిరి గాని మాగాణిని తరలింపజాలరైరి. 1983 నాటి ఒడంబడికను బట్టి తెలుగుగంగ కాలువ కండలేరునుండి సాగి, 1996లో కృష్ణాజలమును ఈ సీమకు చేర్చినది. ఆ నీరు సరిహద్దు దాటి పూండికి చేరి, అచ్చటినుండి నగరమునకు పోవును. కట్టవెంబడి పల్లెవాడు దానిని చూచుచు తన చెరువునకు వాన కొరకు కాచుకొనును.

ఇప్పుడు చెన్నపట్టణమునుండి తిరుత్తణికి లోకల్ బండ్లు పోవుచున్నవి. రాజమార్గమువెంబడి పొలములలో తెల్లరాళ్ళు పాతి ఇంటిస్థలములుగా విక్రయించుచున్నారు. కొనవచ్చిన పట్టణవాసి మొదట అడుగు ప్రశ్న పట్టా ఎవరిపేరనున్నదని. అచ్చటనే చిక్కు మొదలగుచున్నది. 1960కి పూర్వపు క్రయచీట్లును, భాగపరిష్కారపత్రములును, అడంగలులును తెలుగులిపిలో వ్రాసినవి. ఇంటిలో తెలుగే మాటాడు మనుమడు బడిలో తమిళలిపియే నేర్చినవాడగుటచే, 2006 నాటి తమిళాభ్యాసచట్టము తరువాత తెలుగుబడులు మరియు సన్నగిలుటచే, తాత చేవ్రాలునైనను చదువలేకున్నాడు. చదువలేని కాగితము చేతనుండుట లేనిదానితో సమానమగుట వలన, దళారి చెప్పినదే హద్దు, వ్రాసినదే వాటా యగుచున్నది. చేని పేరు, చెరువు పేరు, పంటకాలువ వరుస, చింతచెట్టు సరిహద్దు మొదలుగా ఎన్నియో వివరములు ఆ దస్తావేజులలో మాత్రమే నిలిచియున్నవి. పట్టాపుస్తకపు సర్వేనెంబరు వానిని చెప్పదు.

సరిహద్దుకు ఆవలనున్న సత్యవేడు పల్లెలలో దీనికి విలోమమైన కష్టము కలదు: అచ్చటి పాతకాగితములు చెంగల్పట్టు కచ్చేరీలవి, తమిళమున నున్నవి, పిల్లలు చదువుకొన్నది తెలుగు. రెండు తాలూకాలలోను ఎదుటిలిపిని చదువగల వృద్ధులు ఇంకను కొందరున్నారు. తిరుత్తణివారి తెలుగుకాగితములను సత్యవేటి బడిపంతులును, సత్యవేటివారి తమిళకాగితములను తిరుత్తణి పంతులును చదివి, ఊరూరి చేల పేర్లతో సహా నకళ్ళు వ్రాసిపెట్టుటకు ఏ రాష్ట్రప్రభుత్వపు ఉత్తరువును అవసరము లేదు. ఉభయగ్రామముల పెద్దలు ఒకరినొకరు పిలిచికొని, కొన్నిదినములు తమ ఇండ్లలో బస యిచ్చిన చాలును. ఆ పిలుపు వృద్ధుల కన్నులు పనిచేయుచుండగనే పోవలెను.